నాలుగు మీద కట్టిన పట్టా

జోడ్‌భావి పేట్‌లో సిద్ధరాములు గ్యారేజీ. ముందు చక్రాలు ఊడదీసిన జీపు చెక్కదిమ్మల మీద ఎత్తి ఉంది. పక్క సందులోంచి మరమగ్గాల చప్పుడు. మధ్యాహ్నం.

“నువ్వు మాట తప్పిస్తున్నవు సిద్ధరాములన్నా. నేను అడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఇంకోటి.”

“నేనేం తప్పిస్తలేను చంద్రభాగా. జర ఆ స్టూల్ మీద కూసో. ఎండల వడి వచ్చినవు.”

“కూసునుడు తర్వాత. విడీ ఘర్కుల్ కాలనీ కెంచి రెండు ఆటోలు మారి వచ్చిన. ఇయ్యాల చుట్టిన బీడీలు గూడ బీడీ కార్ఖానల ఇయ్యలే. నాకు ఒక్క మాట చెప్పు. సేట్ దగ్గర డ్రైవర్ చేసిన మా ఆయన ఈ జీపును ఖరాబ్ చేసిండా, చెయ్యలేదా?”

“ఖరాబ్ అంటే... అరిగింది. వస్తువు అన్నంక అరుగుతది గదా.”

“ఎట్ల అరిగింది?”

“వాడకం వల్ల.”

“ఎవరి వాడకం వల్ల?”

“చెల్లె, నువ్వు వకీల్ కావాల్సిన దానివి. ఉగాచ్, ఊకెనే బీడీలు చుట్టుకుంట కూసున్నవు.”

“మల్ల తప్పిస్తున్నవు.”

“సరే, ఇగో, ఇది సూడు. ముందలి రెండు చక్రాల నడుమ ఇనుప కుండ అసుంటిది ఉంటది. దాన్ని డిఫరెన్షియల్ అంటరు. ఇదంతా దాని లోపలి సామాన్. ఈ గేర్ పండ్లు సూసినవా?”

“మా అత్త నోరు లెక్కనే ఉంది.”

“కదా? ఆయిల్ ఇప్పితె ఆయిల్ రాలే. ఇనుప పొడి కలిసిన బురద వచ్చింది. బేరింగులు గలగల అంటున్నయి.”

“ఒక్కనాడు గిట్ల అరుగుతదా?”

“ఒక్కనాడు ఎట్ల అరుగుతది? ఏడాది పడ్తది.”

“ఆఁ! గా మాట సేట్ ముంగట అను.”

“ఏ మాట? నేనేమన్న?”

“అన్నా, నీకు దండం పెడ్త. ఆంజనేయులు సేట్ పనిలకెంచి తీసేసుడే గాక ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు, ‘మంగేశ్‌కు బండి ఇస్తె గేర్లు తింటడు’ అని. ఎవ్వరూ స్టీరింగ్ చేతికి ఇస్తలేరు. మొన్న హోట్గి రోడ్ మీద స్కూల్ బస్సుకు డ్రైవర్ కావాల్నంటె పోయిండు. ‘సేట్ జీపు తిన్నది నువ్వేనా’ అని నవ్వి పంపిన్రు.”

“అరెరె.”

“ఇగ మగ్గం ఒక్కటే మిగిలింది. మగ్గం కాడికి పోతె ఆయనకు ఏమైతదో నీకు తెల్వదా? రెండేండ్ల కింద ఆ దగ్గు నువ్వు ఇనలేదా? ఛాతిల నూలు దుమ్ము పేరుకపోయింది, మల్ల షెడ్డుల అడుగు పెడితె నా జబాబ్దారీ లేదని డాక్టర్ మొఖం మీదనే చెప్పిండు. డ్రైవర్ పని దొరికినంక దగ్గు తగ్గింది. ఆయన నిద్ర పోతున్నడు, ఆయన ఎంబడి నేను గూడ నిద్ర పోతున్న. గదంత పోతదేమో అన్నా. నాకు మస్తు భయమైతాంది.”

“ఏడ్వకు చెల్లె.”

“ఏడుస్తలేను. కోపం అది.”

“సరే, ఇను. గని నేను చెప్పినట్టు ఎవ్వరితోని అనకు. ఈ జీపుకు రెండు లీవర్లు. పెద్దది మామూలు గేర్. చిన్నది ఉంది సూడు, దాన్ని రెండు మీద పెడితె ఎనుక చక్రాలే లాగుతయి. ముందలియి వాటితోని పాటు ఊకె తిరుగుతయి. నాలుగు మీద పెడితె నాలుగూ లాగుతయి. ఆ నాలుగు ఎప్పటికి? బురదల దిగబడితె. ఇసుకల కూరుకపోతె. గంతే. బయట పడ్డంక మల్ల రెండు మీదికి తేవాలె.”

“తేకపోతె?”

“మూల తిరిగేటప్పుడు ముందలి చక్రాలు ఎక్కువ దూరం పోతయి, ఎనుకటియి తక్కువ. బురదల ఐతె చక్రం జర జారి సర్దుకుంటది. తార్ రోడ్డు మీద ఏడ జారుతది? లోపల గేర్లు ఒకదాన్నొకటి గుంజుకుంటయి. పెండ్లిల కొంగుముడి ఏస్తరు గదా, ముడి ఏసి ఏడడుగులు నడుస్తె ముచ్చటగనే ఉంటది. అదే ముడితోని ఏడాది పొడుగు ఈ పేట్ సందులల్ల ఉరికిస్తె?”

“చీరన్న చినుగుతది, ధోతి అన్న చినుగుతది.”

“ఇక్కడ పండ్లు పోయినయి.”

“అంటే ఎవరో ఏడాది పొడుగు నాలుగు మీదనే పెట్టి నడిపించిన్రు.”

“ఎవరు అని నేను అనలే.”

“ఆ చిన్న లీవర్‌కు మగ్గం తోలు పట్టా కట్టి ఉండె. అది కట్టింది ఎవరు?”

“చెల్లె, ఈ గ్యారేజ్ జాగా సేట్‌ది. నా నోరు నా చేతుల లేదు. ...అదిగో, అనంగనే వచ్చిండు. ఎవరిదో స్కూటీ ఎనుక కూసోని వస్తున్నడు పాపం. నువ్వు జర గమ్మునుండు.”

“గమ్మునుండనీకి రెండు ఆటోలు మారి రాలే.”

“ఏం సిద్ధరాములూ! ఐందా, కాలేదా? జీపు లేక నాకు మొఖం చెల్తలేదు. మొన్న సమాజ్ హాల్ ముంగటనే కర్రుమని ఆగింది. సమాజ్ అధ్యక్ష పదవికి నిలబడ్డ మనిషిని, నా మగ్గాల కార్ఖానల పని చేసే నలుగురు కామ్‌గార్లతోని నూకించుకుంట ఇంటికి పోయిన. ఎదిరి పార్టీ వాళ్ళు వీడియో తీసిన్రు!”

“రేపటికి ఐతది సేట్. కొత్త క్రౌను, కొత్త పినియను గేర్లు, బేరింగులు అన్ని వచ్చినయి. పండ్ల నడుమ వెంట్రుక మందం సందు ఉండాలె. వాషర్లు ఏసి, తీసి, మల్ల ఏసి సూస్తున్న. లవ్‌కర్ లవ్‌కర్, జల్ది జల్ది అంటె మల్ల కూత పెడ్తది.”

“సందు ఎందుకు? గట్టిగ బిగించు. నా కార్ఖానల లూజ్ అనేదే ఉండద్దు.”

“మగ్గానికి ఐతె బిగిస్త సేట్. దీనికి సందు లేకపోతె కాలిపోతది.”

“అసలు ఈ డబ్బ ఏం పని చేస్తది? నాకు సాఫ్ సాఫ్ చెప్పు.”

“మూల తిరిగేటప్పుడు సేట్, లోపలి దిక్కు చక్రం తక్కువ తిరగాలె, బయటి దిక్కుది ఎక్కువ తిరగాలె. అట్ల తిరుగనిచ్చేది ఇదే.”

“అంటే ఒకడు కష్టపడుతుంటె ఇంకొకడు కామ్‌చోరీ చెయ్యనీకి నా బండిలనే ఒక డబ్బ పెట్టిన్రా?”

“కామ్‌చోరీ కాదు సేట్...”

“ఆ కంపెనీల యూనియన్ ఉన్నట్టుంది. ...అరే, ఈమె ఎవరు? మంగ్యా పెండ్లాం గదా నువ్వు?”

“అవు సేట్. చంద్రభాగను.”

“నీకేం పని ఇక్కడ?”

“అడిగి పోదామని వచ్చిన. మా ఆయన చేసిన చూక్ ఏందో, తప్పు ఏందో జర చెప్పుండ్రి.”

“చూక్ ఏందా? నా జీపు తిన్నడు! అడగకుండ పట్టా ఇప్పిండు. నేను కట్టిన పట్టా! పోయిన దసరా ముందటి ఖండే నవమికి మగ్గాలకు పూజ చేసి, జీపుకు పూజ చేసి, కుంకుమ పెట్టి, కామ్‌గార్లందరి ముంగట లీవర్ నాలుగు మీద పెట్టి నా చేతులతోని కట్టిన పట్టా! ఏమని చెప్పిన ఆ రోజు? ‘సూడుండ్రి, ఈ బండికి నాలుగు చక్రాలు. ఒక్కటి గూడ ఊకె తిరుగదు. మీరు మాత్రం రెండు మగ్గాలు సూసుకుంట చేతులు కట్టుకొని నిలబడ్తరు. ఇయ్యాల్టి నుంచి ఒక్కొక్కరు నాలుగు మగ్గాలు’ అని చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు.”

“కొట్టుమంటె కొట్టిన్రు సేట్. మా ఆయన గూడ కొట్టిండు.”

“కొట్టి ఏం లాభం? అర్థం కాలే వానికి. గోడ మీద రంగుతోని రాయించిన నేను, ‘ఊకె తిరిగేది, ఊకె కూసునేది ఇక్కడ లేదు’ అని. రోజు ఆ గోడ ముంగటనే జీపు పెడ్తడు. చదువ రాదా?”

“చదువుతడు సేట్. పదో తరగతి తెలుగు సాళలనే చదివిండు. ఒక మాట అడుగుత, కోపం చెయ్యద్దు. పట్టా కట్టినంక జీపు ఎన్ని దినాలు నాలుగు మీద నడిచింది?”

“ఎన్ని దినాలేంది? ఏడాది! నాలుగు చక్రాల బండి కొని రెండింటిని కూసోబెట్టి మేపుతనా?”

“మా ఆయన పట్టా ఎన్ని సార్లు ఇప్పిండు?”

“ఒక్కసారి. హోట్గి రోడ్ మీద నా కండ్లతోని సూసిన. రోడ్డు పక్కకు ఆపి, దొంగ లెక్క ఇప్పి, రెండు మీద పెట్టిండు. అక్కడనే దింపేసిన వాన్ని. తర్వాత నాలుగు దినాలకే బండి ఆగింది.”

“ఏడాది కట్టి ఉంటె అరుగలే. ఒక్కనాడు ఇప్పితె అరిగిందా?”

“సిద్ధరాములూ, ఏం మాట్లాడుతాంది ఈమె?”

“మాటనే మాట్లాడుతాంది సేట్.”

“నువ్వు చెప్పు. మిస్త్రీవి నువ్వు. డ్రైవర్ చూకే గదా?”

“డ్రైవర్... అంటే... బండి డ్రైవర్ చేతులనే ఉంటది గదా సేట్.”

“ఇన్నవా? మిస్త్రీ నోటితోనే చెప్పిండు.”

“అన్నా!”

“బండి డ్రైవర్ చేతుల ఉంటది అన్న. లీవర్ ఎవరి చేతుల ఉంటది అని నేను ఏమనలే.”

“అరే, సక్కగ మాట్లాడు! ఒక్క మనిషి నాలుగు మగ్గాలు నడిపిస్తున్నడు. ఒక్క జీపు నాలుగు చక్రాలు నడిపించలేదా? ఇనుము కంటె మనిషి గట్టోడా?”

“మనిషి గూడ అరుగుతున్నడు సేట్. ఇప్పి సూసెటోల్లు లేరు, గంతే.”

“ఏయ్ చంద్రభాగా, నాకు తత్వాలు చెప్పకు.”

“తత్వం కాదు సేట్. మా పక్కింటి అంజమ్మ కొడుకు శుభమ్ మీ దగ్గరనే చేస్తున్నడు. నాలుగు మగ్గాల నడుమ ఉరికి ఉరికి ఇంటికొచ్చి అన్నం కంచం ముంగటనే నిద్రపోతుండు. వానికి లోపల ఏం అరుగుతాందో ఎవరు సూడాలె?”

“సిద్ధరాములూ, ఈమెను ఎవరు రానిచ్చిన్రు లోపలికి?”

“గ్యారేజ్‌కు తలుపు లేదు సేట్. మీరే పెట్టిస్త అన్నరు.”

“...సరే. ఇటు ఇను చంద్రభాగా. నేను రాక్షసున్ని కాదు. సమాజ్‌ల పది మందికి పెద్ద మనిషిని. మంగ్యా నడుపుడు మంచిగనే నడుపుతడు, అది ఒప్పుకుంట. కొత్తోడు ఉన్నడు సూడు, ఇప్పుడు స్కూటీ మీద తెచ్చినోడు, గుంతలన్ని వెతికి వెతికి ఏస్తున్నడు. నా నడుము పోయింది. తీసుకుంట మంగ్యాను. మల్ల తీసుకుంట.”

“నిజంగనా సేట్?”

“ఒక షరతు.”

“ఏంది?”

“రేపు పొద్దుగాల ఏడింటికి పాళీ మారుతది. రాత్రి పని చేసినోల్లు, పగటి పనికి వచ్చినోల్లు అందరు ఒక్కకాడ ఉంటరు. వాళ్ళ ముంగట నిలబడి మంగ్యా చెప్పాలె. ‘చూక్ నాది. సేట్ కట్టిన పట్టా నేను ఇప్పిన, అందుకే జీపు ఆగింది’ అని. రెండు ముక్కలు. తర్వాత నేను మాఫ్ చేస్త. మెడల మన కార్ఖాన టవల్ గూడ ఏస్త. ఫోటో తీస్తరు.”

“ఫోటోనా?”

“సమాజ్ గ్రూపుల పెట్టాలె గదా. ‘తప్పు చేసిన కామ్‌గార్‌ను పెద్ద మనసుతోని క్షమించిన ఆంజనేయులు సేట్’. ఎట్లుంది సిద్ధరాములూ?”

“మంచిగుంది సేట్. పెద్ద టవల్ ఐతె ఫోటోల కనవడ్తది.”

“సేట్, చెయ్యని చూక్ చేసిన అని నలుగుట్ల ఎట్ల చెప్తడు? అక్కడున్నోల్లు అందరు ఆయన ఎంబడి పని చేసినోల్లు.”

“చెప్తె మధ్యాహ్నం నుంచి డ్యూటీ.”

“చెప్పకుంటె?”

“బలవంతం ఏం లేదు. షెడ్డుల నాలుగు మగ్గాలు ఖాళీగనే ఉన్నయి. ఎప్పుడన్న రావచ్చు.”

“అన్నా, నువ్వేమంటవు?”

“నేను ఏమంట చెల్లె. నన్ను అడగకు.”

“నిన్నే అడుగుతున్న.”

“నాకు సిగ్గైతాంది. ఇంతకంటె ఏం చెప్పరాదు.”

“సేట్, నా కడుపు మండుతాంది, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఆయన ఆ పట్టా ఎందుకు ఇప్పిండో తెలుసా? స్టీరింగ్ బిగుసుకపోతాంది, మూల కాడ బండి కుంటుతాంది, ముంగట కటకట అంటాంది, ‘సేట్ బండి సచ్చిపోతాంది చంద్రా’ అని రెండు దినాలు అన్నం సరిగ తినలే. బండి బతుకాలెనని ఇప్పిండు. అసుంటి మనిషి రేపు తల వంచుకొని నిలబడాలె.”

“నిలబడితె ఏమైతది? రెండు నిమిషాల పని.”

“...నిలబెడ్త సేట్. నేను చెప్పి నిలబెడ్త. ఊపిరి ఆడకుండ దగ్గుకుంట సచ్చే కంటె, తల వంచుకొని బతుకుడు నయం.”

“శాబాష్! మొగని కంటె నీకే తెలివి ఉంది. పో, ఆ మూల మీద హోటల్ల మూడు కట్ చాయ్ తీసుకరా. నా పేరు చెప్పు, ఇస్తడు.”

“తెస్త.”

“...పోయిందా?”

“పోయింది సేట్.”

“జర ఇటు రా. దగ్గరికి రా. సిద్ధరాములూ, గేర్ డబ్బ కెంచి ముందలి చక్రాల దాక ఒక పొడుగు షాఫ్టు పోతది గదా?”

“పోతది.”

“అది ఇప్పెయ్యి.”

“ఆఁ?”

“మెల్లగ, మెల్లగ. ఇప్పి నీ ఇంట్ల ఏడనన్న దాచిపెట్టు. లీవర్ నాలుగు మీదనే ఉండాలె. పట్టా కట్టే ఉండాలె. కింద ఏం ఉందో ఏం లేదో ఎవడు వొంగి సూస్తడు?”

“అట్ల చేస్తె ముందలి చక్రాలు ఊకె తిరుగుతయి సేట్.”

“తిరుగనీ. నాకేమన్న పిచ్చా, కొత్త సామాన్ ఏయించి మల్ల అరగ్గొట్టనీకి?”

“అంటే... నాలుగు మీద పెట్టినందుకే అరిగిందని మీకు ఎరుకేనా?”

“ఎందుకు ఎరుక లేదు? కొన్ననాడే అమ్మినోడు చాబీ చేతుల పెట్టుకుంట చెప్పిండు. ‘తార్ రోడ్డు మీద నాలుగు ఎయ్యకుండ్రి సేట్, ముంగటిది పోతది’ అని. మంగ్యా గూడ రెండు మూడు సార్లు నసిగిండు.”

“ఎరుక ఉండి మరి పట్టా ఎందుకు కట్టిన్రు?”

“నేను జీపు తిరుగనీకి కొన్ననుకున్నవా? ఈ సందులల్ల జీపు ఎవనికి కావాలె? ఒక్కొక్కరు నాలుగు మగ్గాలు సూడుమంటె కుయ్యో మొర్రో అన్నరు. నెల దినాలు చెప్పిన, ఇనలే. జీపు తెచ్చి నిలబెట్టి పట్టా కట్టంగనే నోర్లు మూసుకున్నరు. ఏడాది నుంచి ఒక్కడు గూడ కిక్కురుమంటలేడు. ఒక గేర్ పోతె పోయింది, పని ఐంది గదా.”

“పని ఐంది. మంగేశ్ బద్నాం ఐండు.”

“ఎవరో ఒకరు కావాలె గదా. నాలుగు మీద పెట్టినందుకే బండి సచ్చిందని రేపు షెడ్డుల తెలుస్తె ఏమైతది? ‘ఇనుమే ఏడాదికి అరిగిపోయింది, మేమెంత’ అంటరు. మల్ల రెండు మగ్గాలే సూస్తం అంటరు. అందుకే వాడు చెప్పాలె, అందరు ఇనాలె.”

“చక్రాలకు మాత్రం సుట్టి, సెలవు ఇస్తున్నరు.”

“అరే, చక్రాలకు సుట్టి ఇస్తె నాకేం నష్టం? అవి ఏమన్న నోరు తెరిచి అడుగుతయా? ఇస్తున్న సంగతి మనుషులకు తెలుస్తెనే నష్టం. ...ఏంది, నేను ఇటు మాట్లాడుతుంటె నా ఎనుకకు సూస్తవేంది?”

“చాయ్ తెచ్చిన, తీస్కో సేట్, సల్లారుతాంది. రేపు పాళీ మారేటప్పుడు, నీకు ముందుగాలనే ఎరుకన్న ఈ మాట నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”